గూగుల్‌లో వెనకపడ్డ పాత పేజీల్ని పైకి తేవడం ఎలా (కొత్త పోస్టులు రాసే ముందు ఇది చేయండి)

"సైట్ పెట్టి రెండేళ్ళయింది, వంద పోస్టులున్నాయి, గూగుల్‌లో మాత్రం ఎక్కడో రెండో పేజీలో మూడో పేజీలో వస్తున్నాం, ఏం చేయమంటారు?" ఈ ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. అడిగేవాళ్ళలో సగం మంది అప్పటికే ఇంకో ఇరవై కొత్త పోస్టులు రాయడానికి రెడీ అయిపోయి ఉంటారు. కాస్త ఆగండి. గూగుల్ ఇప్పటికే మీ పాత పేజీల్ని ఎవరికో చూపిస్తోంది, వాళ్ళు క్లిక్ చేయట్లేదు, లేదా మీకంటే పైన ఇంకో పది మంది ఉన్నారు. ఊట పడిన బావిని వదిలేసి పక్కన కొత్త గొయ్యి తవ్వడం ఎందుకు?

ఎగ్జాంపుల్ కోసం ఇంట్లో పచ్చళ్ళు పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న సైట్‌ని తీసుకుందాం, అందులో ఆవకాయ పేజీ ఒకటి. ఇదే ఎందుకంటే దీంట్లో అన్ని రకాల తలనొప్పులూ ఉన్నాయి: కొందరు ఎలా పెట్టాలో తెలుసుకోడానికి వెతుకుతారు, కొందరు కొనడానికి వెతుకుతారు, పైగా సీజన్ గొడవ ఒకటి. మీది ట్యూషన్ సెంటర్ అయినా, ట్రావెల్స్ అయినా, గవర్నమెంట్ స్కీముల గురించి రాసే సైట్ అయినా చేసే పని ఇదే.

కావల్సినవి

- గూగుల్ సెర్చ్ కన్సోల్ అకౌంట్ (మీ సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ టూల్). ఫ్రీ. ఇంకా లేకపోతే ఈ రోజే సైట్‌ని యాడ్ చేసి వెరిఫై చేయండి, డేటా కనపడటానికి కొన్ని రోజులు పడుతుంది.
- సైట్‌ని ఎడిట్ చేసే లాగిన్. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ఎందుకంటే లాగిన్ సైట్ చేసిచ్చిన అబ్బాయి దగ్గర ఉంటుంది, అతను ఫోన్ ఎత్తడు. అడ్మిన్ లాగిన్, డొమైన్, హోస్టింగ్ మూడూ మీ మెయిల్ మీద ఉండేలా ముందు అది తేల్చుకోండి.
- ఒక గూగుల్ షీట్, లేదంటే నోట్‌బుక్కు. తారీఖు, ఏ పేజీ, ఏం మార్చాం. అంతే.
- ఒక మామూలు ఆండ్రాయిడ్ ఫోన్. పాతదైతే ఇంకా మంచిది.

డబ్బులు కట్టే టూల్స్ ఇప్పుడే అక్కర్లేదు. వాటిల్లో తెలుగు కీవర్డ్స్‌కి (జనం వెతికే మాటలకి) చాలాసార్లు సున్నా అని చూపిస్తుంది, అది చూసి ఎవరూ వెతకట్లేదు అనుకుంటే నష్టపోయేది మీరే.

1. అసలు ఆ పేజీ గూగుల్ దగ్గర ఉందా?

సెర్చ్ కన్సోల్‌లో పైన ఉండే బాక్సులో పేజీ అడ్రస్ పేస్ట్ చేయండి. "యూఆర్ఎల్ ఈజ్ ఆన్ గూగుల్" అని వస్తే రెండో స్టెప్‌కి వెళ్ళిపోండి. రాకపోతే కారణం అక్కడే రాసి ఉంటుంది, చదవండి.

వర్డ్‌ప్రెస్ సైట్ అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్‌లోకి వెళ్ళి, సెర్చ్ ఇంజిన్లు రావద్దు అనే టిక్ ఆన్‌లో ఉందేమో చూడండి. సైట్ తయారయ్యేటప్పుడు పెట్టి, లాంచ్ అయ్యాక తీయడం మర్చిపోయిన సైట్లు తక్కువేం లేవు.

"క్రాల్డ్, కరెంట్‌లీ నాట్ ఇండెక్స్‌డ్" అని వస్తే మాత్రం అర్థం వేరు. గూగుల్ వచ్చింది, చూసింది, ఇప్పటికైతే ఇండెక్స్‌లో (సెర్చ్‌లో చూపించే పేజీల లిస్టులో) పెట్టుకోలేదు. అలాంటప్పుడు రోజూ రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్ నొక్కుతూ కూర్చుంటే ఏం లాభం లేదు, పేజీలో సరుకు మారాలి.

తెలుగు సైట్లకి ముఖ్యంగా ఇంకో చెక్ ఉంది. పేజీలోంచి రెండు లైన్లు కాపీ చేసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోండి. తెలుగు తెలుగులాగే వస్తే ఓకే. పిచ్చి పిచ్చి ఇంగ్లీష్ అక్షరాలూ గుర్తులూ వస్తే అది యూనికోడ్ (ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనిపించే టైపింగ్) కాదు, డీటీపీ వాళ్ళు వాడే పాత ఫాంట్, గూగుల్‌కి కూడా ఆ పిచ్చి అక్షరాలే కనిపిస్తున్నాయి. అసలు కాపీయే అవ్వకపోతే మీరు పెట్టింది పోస్టర్ ఇమేజ్. రెండిట్లో ఏదైనా సరే, ఆ మ్యాటర్ మొత్తం యూనికోడ్‌లో మళ్ళీ టైప్ చేయించాల్సిందే, అప్పటిదాకా కింద చెప్పేవి ఏవీ పనిచేయవు.

2. ఏ పేజీ మీద పనిచేయాలో ఎంచుకోండి

అన్ని పేజీలూ ఒకేసారి పట్టుకోవద్దు. పర్ఫార్మెన్స్ రిపోర్ట్ ఓపెన్ చేసి, గత 3 నెలలు పెట్టండి. పైన నాలుగు డబ్బాలుంటాయి: క్లిక్స్, ఇంప్రెషన్స్ (రిజల్ట్స్‌లో ఎన్నిసార్లు కనిపించింది), సీటీఆర్ (కనిపించినవాటిలో ఎంత శాతం క్లిక్ అయ్యాయి), యావరేజ్ పొజిషన్ (సగటున ఎన్నో స్థానం). చివరి రెండూ మామూలుగా ఆఫ్‌లో ఉంటాయి, వాటి మీద నొక్కి ఆన్ చేయండి. తర్వాత కింద పేజెస్ ట్యాబ్, ఇంప్రెషన్స్ ఎక్కువ నుంచి తక్కువకి.

ఇప్పుడు మీరు వెతకాల్సింది పొజిషన్ 5 నుంచి 20 మధ్యలో ఉండి ఇంప్రెషన్స్ బాగా ఉన్న పేజీలు. ఉదాహరణకి ఆవకాయ పేజీకి 4,000 ఇంప్రెషన్స్, 20 క్లిక్స్, పొజిషన్ 12 అని ఉందనుకోండి, మీకు కావాల్సిన పేజీ అదే. గూగుల్ దాన్ని పట్టించుకుంటోంది, ఇంకాస్త ముందుకి తోయాలంతే.

మొదటి మూడు స్థానాల్లో ఉండి క్లిక్స్ బానే వస్తున్న పేజీ జోలికి వెళ్ళకండి. "ఇంకొంచెం బాగు చేద్దాం" అని టైటిల్ (గూగుల్ రిజల్ట్‌లో క్లిక్ చేసే పెద్ద లైన్) మార్చి ఉన్నది పోగొట్టుకునేవాళ్ళని చూస్తూనే ఉంటాం. 50 తర్వాత ఉన్నవాటిని కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టండి, వాటికి పని చాలా ఎక్కువ, ఫలితం చాలా ఆలస్యం.

మొదటి రౌండ్‌కి మూడు పేజీలు చాలు.

3. జనం ఏం టైప్ చేసి వస్తున్నారో కూర్చుని చదవండి

మొత్తం ఈ పనిలో అసలైన స్టెప్ ఇదే, అందరూ ఐదు నిమిషాల్లో అవగొట్టేసేది కూడా ఇదే. పేజెస్ ట్యాబ్‌లో మీ ఆవకాయ పేజీ మీద క్లిక్ చేసి, అప్పుడు క్వెరీస్ ట్యాబ్‌కి వెళ్ళండి. ఇప్పుడు కనిపించేవి కేవలం ఆ ఒక్క పేజీకి సంబంధించిన క్వెరీలు, అంటే జనం టైప్ చేసిన మాటలు. (మొత్తం కూడితే పైన చూపించిన క్లిక్స్‌కి సరిపోదు, కంగారు పడకండి, చాలా తక్కువమంది వెతికిన వాటిని గూగుల్ ప్రైవసీ కోసం చూపించదు.)

అక్కడ ఇలాంటివి కనిపిస్తాయి: ఆవకాయ కొలతలు, కిలో మామిడికాయ ముక్కలకి ఎంత కారం, ఆవకాయకి ఏ నూనె వాడాలి, ఆవకాయ బూజు పట్టకుండా ఉండాలంటే, ఆవకాయలో ఉప్పు ఎక్కువైతే, బెల్లం ఆవకాయ, ఆవకాయ ఆన్‌లైన్ ఆర్డర్. వీటిల్లో చాలా భాగం ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసినవి ఉంటాయి, ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్‌తో. తెలంగాణ నుంచి వెతికేవాళ్ళు మామిడికాయ తొక్కు అని కొట్టొచ్చు, గోంగూర పేజీ అయితే పుంటికూర అని రావచ్చు. ఇవన్నీ షీట్‌లోకి కాపీ చేసి మూడు గుంపులు చేయండి:

అ) పేజీలో జవాబుంది కానీ ఎక్కడో అడుగున ఉంది.
ఆ) జవాబు లేదు, కానీ ఉండాల్సిన విషయం.
ఇ) ఈ పేజీకి సంబంధం లేదు, వేరే పేజీ కావాలి.

ఇప్పుడు మీ పేజీ తెరిచి చూడండి. "తెలుగువారికీ ఆవకాయకీ ఉన్న అనుబంధం విడదీయరానిది" అని మొదలై, నాలుగు పేరాలు వేసవి సెలవులు, అమ్మమ్మ ఊరు, జాడీలు, వాసన, ఇవన్నీ అయ్యాక ఎక్కడో కొలతలు వస్తాయి. అవతల మనిషి ముక్కలు కొట్టించుకొచ్చి, చేతిలో ఫోన్ పట్టుకుని, కారం ఎన్ని గ్లాసులు పోయాలో చూసుకుంటున్నాడు. ఆ మనిషికి మీ అనుబంధం ఇప్పుడు అక్కర్లేదు.

ఇంగ్లీష్ అక్షరాల స్పెల్లింగులన్నీ పేజీ అడుగున ఒక లైన్‌లో కుక్కాలా అని చాలామంది అడుగుతారు. వద్దు. ఆ క్వెరీలకి మీ తెలుగు పేజీ ఇంప్రెషన్స్ తెచ్చుకుంటోందంటే గూగుల్‌కి అర్థమవుతున్నట్టే. తొక్కు, పుంటికూర లాంటి మాటలు మాత్రం వాక్యంలో సహజంగా ఒకసారి రావాలి, "తెలంగాణ వైపు దీన్నే పుంటికూర అంటారు" అన్నట్టు, చాలు.

4. అదే మాట మీరూ వెతికి చూడండి

ఇన్‌కాగ్నిటోలో, ఫోన్‌లో. మీ ర్యాంక్ ఎంతో చూసుకోడానికి కాదు, పైన ఎలాంటివి వస్తున్నాయో చూడటానికి. ర్యాంక్ కోసం మీ ఫోన్‌ని అస్సలు నమ్మకండి, మీరున్న ఊరిని బట్టీ మీరు ఇంతకుముందు చూసిన వాటిని బట్టీ రిజల్ట్స్ మారతాయి, ఇన్‌కాగ్నిటోలో కూడా లొకేషన్ పోదు. "నా ఫోన్‌లో ఫస్ట్ వస్తోంది సార్" అంటే దానర్థం మీరు మీ సైట్ రోజూ చూసుకుంటున్నారని.

పైన వచ్చేవన్నీ యూట్యూబ్ వీడియోలే అయితే ఎంత బాగా రాసినా ఆర్టికల్ ఎక్కడం కష్టం, ఒక చిన్న వీడియో తీసి పేజీలో పెట్టడం దారి. అన్నీ షాపులే వస్తే అక్కడ రెసిపీ పేజీ నిలబడదు, ప్రొడక్ట్ పేజీ కావాలి. మన ఎగ్జాంపుల్‌లో ఆవకాయ ఆన్‌లైన్ ఆర్డర్ అనేది ఇ గుంపులోకి వెళ్తుంది, దానికి ధర, బరువు, డెలివరీ ఉన్న వేరే పేజీ. రెసిపీనీ అమ్మకాన్నీ ఒకే పేజీలో కలిపి రెండిట్లోనూ వెనకపడే సైట్లు బోలెడు.

5. టైటిల్ మార్చండి

తక్కువ శ్రమతో ఎక్కువ తేడా కనిపించేది ఇక్కడే. ముందు ఉన్నది: "హోమ్ | మా పచ్చళ్ళు | ఆవకాయ | స్వచ్ఛమైన ఇంటి రుచులు". మార్చాక: "ఆవకాయ ఎలా పెట్టాలి: కిలో ముక్కలకి కారం, ఆవపిండి, ఉప్పు కొలతలు". క్వెరీల్లో జనం వాడిన మాటలే టైటిల్‌లో ఉన్నాయి, కొత్తగా మనం కనిపెట్టింది ఏం లేదు.

అసలు విషయం మొదటి ఐదారు మాటల్లో వచ్చేయాలి, ఎందుకంటే గూగుల్ టైటిల్‌ని వెడల్పుని బట్టి కోస్తుంది, మన అక్షరాలు వెడల్పెక్కువ, ఇంగ్లీష్ టైటిల్ కంటే ముందే తెగిపోతుంది. సైట్ పేరు చివర పెట్టండి. ఒకే టైటిల్ పది పేజీలకి పెట్టొద్దు. ఆవకాయ ఆవకాయ పచ్చడి ఆంధ్రా ఆవకాయ బెస్ట్ ఆవకాయ అని జపం చేయొద్దు.

మీరు ఒకటి పెడితే గూగుల్ ఇంకోటి చూపించడం కూడా జరుగుతుంది, 2021 ఆగస్టు నుంచి ఇది ఎక్కువైంది. అలా జరిగితే పేజీలో ఉన్న పెద్ద హెడ్డింగ్ చూడండి, టైటిల్‌లో ఒకటి హెడ్డింగ్‌లో ఇంకోటి చెప్తే గూగుల్ తనకి నచ్చింది తీసుకుంటుంది. రెండూ దగ్గరగా ఉండేలా చూస్తే చాలావరకు సర్దుకుంటుంది.

మెటా డిస్క్రిప్షన్ (టైటిల్ కింద కనిపించే చిన్న వివరణ) వల్ల ర్యాంక్ పెరగదు, కానీ క్లిక్ చేయించడానికి పనికొస్తుంది, రెండు లైన్లు రాయండి. మెటా కీవర్డ్స్ అనే బాక్స్ కనిపిస్తే ఖాళీగా వదిలేయండి. గూగుల్ వాటిని ర్యాంకింగ్‌కి వాడదని 2009 లోనే చెప్పేసింది, అయినా వాటిని నింపి బిల్లు వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

6. పేజీ లోపల సరుకు సరిచేయండి

మొదటి రెండు మూడు లైన్లలోనే జవాబు మొదలవ్వాలి. ఆవకాయ పేజీలో ఆ జవాబు కొలతల పట్టిక, దాన్ని ఫోటోగా కాకుండా మామూలు టేబుల్‌గా పెట్టండి. అమ్మమ్మ ఊరు తీసేయక్కర్లేదు, కిందకి జరపండి, చదివేవాళ్ళు చదువుతారు.

అ గుంపులో ఉన్న ప్రశ్నలకి ఒక్కో సబ్ హెడ్డింగ్ ఇచ్చి పైకి తెండి. జవాబు లేని 'ఆ' గుంపులో ఉన్నవి కొత్తగా రాయండి. ఇక్కడ ఒక మాట. "ఆవకాయ బూజు పట్టకుండా తగిన జాగ్రత్తలు తీసుకోవాలి" అని రాస్తే అది జవాబు కాదు. కాయలు కడిగాక పొడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి, తడి గరిటె పెట్టకూడదు, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూసుకోవాలి, నూనె ముక్కల పైకి తేలాలి, తేలకపోతే ఇంకాస్త పోయాలి, ఇలా ఉండాలి. పచ్చడి పెట్టిన మనిషికి మాత్రమే తెలిసే సంగతులు అవి, ఇంకో పది సైట్లు చదివి అతికించినవాడికి దొరకవు. మీరు తీసిన ఫోటోలు పెట్టండి, టెంక ముదిరిన ముక్క ఎలా ఉంటుందో, నూనె తేలాక జాడీ పైన ఎలా ఉంటుందో. నెట్‌లో దొరికిన ఫోటో పెడితే అదే ఫోటో ఇంకో యాభై చోట్ల ఉంటుంది. ప్రతి ఫోటోకి ఆల్ట్ టెక్స్ట్‌లో (ఫోటోని మాటల్లో చెప్పే బాక్సులో) అందులో ఏముందో ఒక్క ముక్కలో తెలుగులోనే రాయండి.

ఎన్ని పదాలు ఉండాలి అని అడక్కండి. గూగుల్ దగ్గర అలాంటి లెక్కేం లేదు. జవాబు అయిపోయిన చోట ఆపేయండి.

ఇంగ్లీష్ సైట్ల మ్యాటర్ తీసుకుని మెషిన్‌తో తెలుగులోకి మార్చి వందల పేజీలు దింపే పని మాత్రం వద్దు. ర్యాంకుల కోసం కుప్పలు తెప్పలుగా పేజీలు తయారుచేయడాన్ని గూగుల్ 2024 మార్చిలో తన స్పామ్ రూల్స్‌లో స్పష్టంగా పెట్టింది. అలాంటివి పేరుకుపోతే బావున్న పేజీలు కూడా వాటితో పాటే కిందకి పోవచ్చు.

తారీఖు ట్రిక్ గురించి కూడా: లోపల ఒక్క అక్షరం మార్చకుండా పైన తేదీ ఈ రోజుది చేస్తే ఏం ఒరగదు. నిజంగా మార్చినప్పుడే మార్చండి.

రెసిపీ పేజీలకి రెసిపీ స్కీమా (ఇది రెసిపీ అని గూగుల్‌కి చెప్పే కోడ్) పెట్టొచ్చు, మంచి ప్లగిన్లు (సైట్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు) వాటంతట అవే చేస్తాయి, గూగుల్ వాళ్ళ రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో పేజీ అడ్రస్ వేసి ఎర్రర్లు లేవని చూసుకోండి. రాని రివ్యూలకి స్టార్లు పెట్టొద్దు. ఎఫ్ఏక్యూ (ప్రశ్నలు జవాబులు) స్కీమా పెడితే సెర్చ్‌లో ప్రశ్నలు విచ్చుకుని కనిపిస్తాయి అని ఎవరైనా అమ్మజూపితే, 2023 ఆగస్టులోనే గూగుల్ దాన్ని పేరున్న గవర్నమెంట్, హెల్త్ సైట్లకి మాత్రమే పరిమితం చేసేసిందని చెప్పండి.

7. ఒకే విషయం మీద రెండు మూడు పేజీలుంటే కలిపేయండి

రెండేళ్ళు దాటిన ఏ సైట్‌లో అయినా ఇది ఉంటుంది. "ఆవకాయ", "ఆంధ్రా ఆవకాయ తయారీ విధానం", "ఆవకాయ పచ్చడి ఇలా పెడితే ఏడాది నిలవ" అని మూడేళ్ళలో మూడు వేసవుల్లో మూడు పోస్టులు. గూగుల్‌కి ఏది చూపించాలో తెలియక ఒక వారం ఇది, ఒక వారం అది. ఎలా తెలుస్తుందంటే, సెర్చ్ కన్సోల్‌లో క్వెరీ మీద క్లిక్ చేసి పేజెస్ ట్యాబ్ చూడండి, ఒకే క్వెరీకి రెండు మూడు పేజీలు ఇంప్రెషన్స్ పంచుకుంటుంటే అదే సమస్య.

ఎక్కువ క్లిక్స్ వస్తున్న పేజీని ఉంచి, మిగతావాటిలో మంచి ముక్కలన్నీ దాంట్లోకి తెచ్చి, వాటి అడ్రస్‌ల నుంచి దీనికి 301 రీడైరెక్ట్ (పాత అడ్రస్‌కి వచ్చినవాళ్ళని శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టండి. వర్డ్‌ప్రెస్‌లో దీనికి ఫ్రీ ప్లగిన్లున్నాయి, బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లోనే కస్టమ్ రీడైరెక్ట్స్ అని ఉంటుంది. రీడైరెక్ట్ కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెప్తుంది, నన్నడిగితే ఎప్పటికీ తీయకండి. పాత పేజీ డిలీట్ చేసి ఊరుకోవద్దు, అన్నిటినీ తీసుకెళ్ళి హోమ్ పేజీకి తిప్పొద్దు కూడా.

మరి బెల్లం ఆవకాయ, పెసర ఆవకాయ కూడా కలపాలా? డౌట్ వస్తే రెండు మాటలూ గూగుల్‌లో వెతికి చూడండి. పైన వచ్చే పేజీలు రెండిటికీ దాదాపు ఒకటే అయితే ఒక పేజీ చాలు. వేరు వేరుగా వస్తే వేరు పేజీలే ఉంచండి. ఆవకాయల విషయంలో మామూలుగా వేరుగానే వస్తాయి, కొలతలు వేరు కాబట్టి.

పేజీ అడ్రస్ మాత్రం ఊరికే మార్చకండి. తెలుగులో ఉన్న అడ్రస్ వాట్సాప్‌లో పంపితే పర్సెంట్ గుర్తులతో బారెడు అవుతుంది, నిజమే, ఒక్కో తెలుగు గుర్తుకి తొమ్మిది క్యారెక్టర్లు పడతాయి. చూడ్డానికి బాలేదు కానీ ర్యాంక్‌కి అడ్డం కాదు. ఇకముందు పెట్టే పేజీలకి ఇంగ్లీష్ అక్షరాల్లో చిన్న అడ్రస్ పెట్టుకోండి, పాతవి అలాగే వదిలేయండి.

8. మీ సైట్‌లోంచే లింకులు ఇవ్వండి

ఫ్రీగా దొరికే లింకులు ఇవి, అడగడానికి ఎవరి దగ్గరికీ వెళ్ళక్కర్లేదు. మాగాయ పేజీ, కారాల పేజీ, నువ్వుల నూనె గురించి రాసిన పేజీ, వీటిల్లో ఆవకాయ ప్రస్తావన ఎక్కడొచ్చిందో చూసి అక్కడి నుంచి లింక్ ఇవ్వండి. లింక్ మాట "ఇక్కడ క్లిక్ చేయండి" అని కాకుండా "ఆవకాయ కొలతలు" అని ఉండాలి. మీ పేజీల్లో బాగా జనం వచ్చేది ఏదో దాని నుంచి తప్పకుండా ఒకటి. ప్రతి పేజీ ఫుటర్‌లో (అడుగు భాగంలో) యాభై లింకులు పేర్చడం దీని కిందకి రాదు.

బయటి లింకులు కొనొద్దు. "వెయ్యి బ్యాక్‌లింక్స్ (వేరే సైట్ల నుంచి లింకులు), 2,000 రూపాయలు మాత్రమే" అని మెయిల్స్ వస్తుంటాయి, ర్యాంకుల కోసం లింకులు కొనడం, అమ్మడం గూగుల్ రూల్స్‌కి విరుద్ధం. ఫస్ట్ ప్లేస్ గ్యారంటీ అన్నవాడిని కూడా అక్కడే ఆపేయండి, ఎవరూ అలాంటి గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది.

9. ఫోన్‌లో ఎలా తెరుచుకుంటుందో చూడండి

గూగుల్ ఇప్పుడు ఇండెక్స్ చేసేది మొబైల్‌లో కనిపించే పేజీనే. మీ పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద పేజీ తెరవండి. కొలతల టేబుల్ పక్కకి తెగిపోతోందా, తెరవగానే వాట్సాప్ బటన్, నోటిఫికేషన్ పాపప్, యాడ్ మూడూ కలిసి సగం స్క్రీన్ తినేస్తున్నాయా, కళ్ళతోనే తెలిసిపోతుంది.

తర్వాత గూగుల్ వాళ్ళ స్పీడ్ చూసే టూల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో అడ్రస్ వేయండి. చూడాల్సినవి మూడు: ఎల్‌సీపీ (పేజీలో పెద్ద భాగం కనపడటానికి పట్టే టైం) 2.5 సెకన్లలోపు, ఐఎన్‌పీ (నొక్కాక పేజీ స్పందించే టైం) 200 మిల్లీసెకన్లలోపు, సీఎల్‌ఎస్ (లోడ్ అయ్యేటప్పుడు పేజీ ఎంత కదులుతోంది) 0.1 లోపు. పైన వచ్చే పెద్ద రౌండ్ స్కోర్ 100 చేయాలని రాత్రుళ్ళు కూర్చోవద్దు, జవాబు సరిగా లేని పేజీని స్పీడ్ ఒక్కటే పైకి తీసుకెళ్ళలేదు.

మన సైట్లలో కనిపించే దోషులు రెండే. ఒకటి, ఫోన్ కెమెరాలోంచి నేరుగా ఎక్కించిన 4 ఎంబీ ఫోటోలు, వాటిని సైజు తగ్గించి వెబ్‌పీలోకి (తక్కువ బరువుండే ఫోటో ఫార్మాట్) మార్చండి, పేజీ కోడ్‌లో ఫోటో వెడల్పు ఎత్తు రాయండి, మొదటి ఫోటోకి మాత్రం లేజీ లోడ్ (కిందకి జరిపినప్పుడే ఫోటో లోడ్ అయ్యే సెట్టింగ్) పెట్టొద్దు. రెండు, ఫాంట్లు. హెడ్డింగ్‌కి రామభద్ర, సబ్ హెడ్డింగ్‌కి ఇంకోటి, మ్యాటర్‌కి మండలి, మెనూకి మరోటి అని నాలుగు తెలుగు ఫాంట్లు లోడ్ చేస్తారు, తెలుగు ఫాంట్ ఫైళ్ళు ఇంగ్లీష్ వాటి కంటే బరువు. ఒకటి, మహా అయితే రెండు.

10. గూగుల్‌కి చెప్పండి, తారీఖు రాసుకోండి

మార్పులన్నీ అయ్యాక సెర్చ్ కన్సోల్ పై బాక్సులో అడ్రస్ వేసి రిక్వెస్ట్ ఇండెక్సింగ్ ఒక్కసారి నొక్కండి. పదిసార్లు నొక్కినా క్యూలో ముందుకి జరగరు. షీట్‌లో తారీఖు, ఏం మార్చారో, అప్పటి ముఖ్యమైన ఐదు క్వెరీల పొజిషన్ రాయండి. పాత టైటిల్ కూడా కాపీ చేసి పెట్టుకోండి, వెనక్కి వెళ్ళాల్సి రావచ్చు.

వీలైతే టైటిల్, పేజీ మ్యాటర్ ఒక విడత, కలపడాలు రీడైరెక్టులు ఇంకో విడత చేయండి. అన్నీ ఒకే రోజు మారిస్తే దేనివల్ల పెరిగిందో దేనివల్ల పడిందో తెలియదు.

11. ఫలితం ఎలా చూడాలి

మర్నాడు చూడకండి. కొన్ని వారాలు ఆగండి, కొన్ని మార్పులకి నెలలు కూడా పడుతుంది. తర్వాత పర్ఫార్మెన్స్‌లో ఆ పేజీ ఫిల్టర్ పెట్టి, కంపేర్ ఆప్షన్‌తో మార్పుకి ముందు 28 రోజులు, తర్వాత 28 రోజులు పక్కపక్కన పెట్టండి.

ఇక్కడ మూడు బోల్తా కొట్టించే విషయాలున్నాయి.

సీజన్. ఆవకాయ కోసం ఏప్రిల్, మే నెలల్లో వెతుకుతారు, ఆగస్టులో ఎవరు వెతుకుతారు? మేలో పేజీ మార్చి జూలైతో పోల్చుకుంటే కొంప మునిగినట్టే కనిపిస్తుంది. పోయినేడాది అదే నెలతో పోల్చండి, సెర్చ్ కన్సోల్ 16 నెలల డేటా ఇస్తుంది కాబట్టి కుదురుతుంది. అంతకంటే పాతది ఉండదు, అందుకే నెలకోసారి ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి. ఈ లెక్కన ఆవకాయ పేజీ మీద పని జనవరిలో, మహా అయితే ఫిబ్రవరిలో అయిపోవాలి, కాయలు మార్కెట్‌లోకి వచ్చాక మొదలుపెడితే ఆ ఏడాదికి దక్కదు.

యావరేజ్ పొజిషన్. పేజీ బాగుపడినప్పుడు కొత్త కొత్త క్వెరీలకి 40లో, 60లో కనపడటం మొదలవుతుంది, దాంతో సగటు పడిపోతుంది. క్లిక్స్ పెరిగి పొజిషన్ పడితే అది చెడ్డ వార్త కాదు. పేజీ సగటు వదిలేసి మీరు రాసుకున్న ఐదు క్వెరీలు ఒక్కోటీ చూడండి.

ఇంప్రెషన్స్. 2025 సెప్టెంబర్‌కి ముందు డేటాతో పోలుస్తుంటే జాగ్రత్త. ఒకేసారి వంద రిజల్ట్స్ తెప్పించుకునే వీలుని గూగుల్ అప్పుడు ఆపేసింది, ర్యాంక్ టూల్స్ (సైట్ల స్థానాలు చూసే ప్రోగ్రాములు) వల్ల వచ్చే ఉత్తుత్తి ఇంప్రెషన్స్ పోయి చాలా సైట్లకి డెస్క్‌టాప్ అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. క్లిక్స్ అలాగే ఉండి ఇంప్రెషన్స్ మాత్రమే ఆ టైంలో పడితే మీ తప్పేం లేదు.

కదలకపోతే?

ఇంప్రెషన్స్ ఉన్నాయి, పొజిషన్ బావుంది, క్లిక్స్ లేవు అంటే టైటిల్ ఇంకోసారి. పొజిషన్ అస్సలు కదల్లేదంటే నాలుగో స్టెప్‌కి వెళ్ళి పైనున్న వాళ్ళ పేజీలు మళ్ళీ చదవండి, మీ దగ్గర లేనిది అక్కడ ఏదో ఉంది, చాలాసార్లు అది ఫోటోనో వీడియోనో అయి ఉంటుంది. పడిపోయిందంటే ముందు గూగుల్ సెర్చ్ స్టేటస్ డ్యాష్‌బోర్డ్‌లో ఆ రోజుల్లో కోర్ అప్‌డేట్ (ర్యాంకింగ్ పద్ధతిలో గూగుల్ చేసే పెద్ద మార్పు) ఏదైనా నడుస్తోందేమో చూడండి. నడుస్తుంటే అది పూర్తయ్యాక ఇంకో వారం ఆగి లెక్క చూసుకోండి, మధ్యలో ఏదీ పీకొద్దు. అప్‌డేట్ లేదు, మీ మార్పు తర్వాతే పడింది అంటే షీట్‌లో దాచిన పాత టైటిల్ వెనక్కి పెట్టండి.

రెండు విడతలు చేశాక కూడా ఆ పేజీ 12 దగ్గరే కూర్చుంటే దాన్ని అక్కడే వదిలి లిస్టులో రెండో పేజీ తీసుకోండి. పెద్ద పెద్ద సైట్లూ ఛానెళ్ళూ పాతుకుపోయిన ఆవకాయ లాంటి మాట కంటే, ఉప్పు ఎక్కువైతే ఏం చేయాలి అనే చిన్న ప్రశ్నకి మొదటి స్థానం తొందరగా దొరుకుతుంది, ఆర్డర్లు కూడా అలాంటి పేజీల నుంచే రావచ్చు.